చేప ఎందుకు ఎండలేదు: దానవాయిపేటలో ఒక కథల క్లాసు

రాజమండ్రి దానవాయిపేటలో రిటైరైన తెలుగు మాస్టారొకరు తన మేడ మీద ఆదివారం సాయంత్రాలు కథల క్లాసు పెడుతున్నారు. ఫీజు నెలకు 300 రూపాయలు, పిల్లలతో వచ్చే పెద్దవాళ్ళకు వేరే ఏమీ లేదు. మొదట్లో మా పాపను అక్కడ దింపేసి మెడికల్ షాపుకి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు కౌంటర్ కుర్రాడికి అప్పజెప్పి నేనూ కూర్చుంటున్నాను.

నీతిచంద్రిక కథలతో మొదలుపెడతారు. 1853లో చిన్నయసూరి రాసిన మిత్రలాభం, మిత్రభేదం పక్కన పెట్టుకుని, మన ఊరి వీరేశలింగం గారు రాసిన సంధి, విగ్రహం కూడా పరిచయం చేస్తారు. ఆ కథల్లో నీతి పైకే కనిపిస్తుంది కాబట్టి పిల్లలు గబగబా చెప్పేస్తారు. ఈ భాగం మామూలుగానే నడుస్తుంది.

అసలు క్లాసు ఏడు చేపల కథ దగ్గరుంది. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డొచ్చింది. గడ్డిమేటును అడిగితే ఆవు మేయలేదంటుంది, ఆవును అడిగితే గొల్లవాడు మేపలేదంటుంది. అవ్వ బువ్వ పెట్టలేదని గొల్లవాడు, పాప ఏడ్చిందని అవ్వ, చీమ కుట్టిందని పాప. దీనికి పెద్దలు చెప్పే వేదాంతం మనలో చాలామంది విన్నదే: ఎండని చేప మనసు, గడ్డిమేటు అజ్ఞానం, ఆవు జ్ఞానం. ఇంటింటికీ కాస్త మారుతుందనుకోండి. మాస్టారు దాన్ని కాదనరు, కానీ అక్కడితో ఆగనివ్వరు. “ఇంతమందిలో తప్పు పక్కవాళ్ళ మీదికి నెట్టనిది ఎవరు?” అని అడిగారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా పాపే అంది, చీమ అని. నిజమే కదా! “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?” అని తాను చేసిన పనిని తనదేనని చెప్పింది అదొక్కటే. చిన్నప్పుడు అన్నం తింటూ ఎన్నోసార్లు విన్న కథ ఇది. అందులో ఇంత ఉందని ఆ పూటే తెలిసింది.

చివరి అరగంట పెద్దవాళ్ళది. ఆ వారమంతా బుర్రలో తిరిగిన ఒక ఆలోచన చెప్పాలి. దాన్ని చేపను అడిగినట్టే “ఎందుకు?” అంటూ పోవాలి. ఒకావిడ వంటింటి కుళాయి కారుతోందని, అదే టెన్షన్‌గా ఉందని చెప్పారు. ఎందుకు కారుతోంది? ప్లంబర్ రాలేదు. ఎందుకు రాలేదు? నేను ఫోన్ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదు? పండక్కి వచ్చినప్పుడు నేనే బాగుచేస్తానని బెంగళూరు నుంచి అబ్బాయి అన్నాడు. అక్కడ ఆగిపోయారావిడ. మాస్టారు దానికి అర్థం చెప్పలేదు, “మంచినీళ్ళు తాగండమ్మా” అన్నారంతే. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. గ్యాస్ బిళ్ళ అడిగినవాళ్ళు చిల్లర జేబులో వేసుకుంటూ అసలు సంగతి బయటపెట్టడం నా కౌంటర్ దగ్గర రోజూ చూస్తుంటాను. అడిగేవాళ్ళు ఓపికగా నిలబడాలి, అర్థం మనం అంటగట్టకూడదు.

అందుకే ఒక ఆదివారం మాస్టారికి బదులు వచ్చినాయన క్లాసు నాకు నచ్చలేదు. రాజంటే ఇది, ఆవంటే ఇది అని బోర్డు మీద పట్టిక రాసి, పిల్లల చేత వల్లె వేయించారు. అలా అప్పజెప్పిన అర్థం పరీక్షకు పనికొస్తుందేమో గానీ, ఇంటికెళ్ళాక ఏ పిల్లా ఆ కథ గురించి మళ్ళీ అడగదు. ఈ మాట మాస్టారితో కూడా చెప్పాను.

పొడుపు కథలకు ఇంకాస్త సమయం ఇవ్వాలి. “అమ్మ కడుపున పడ్డాను, అంతా సుఖమే ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను” అని మొదలయ్యే పిడక పొడుపు కథకు పిల్లలు ఎగిరి గంతులేశారు. కానీ పిడకను ఎప్పుడూ చూడని వాళ్ళే సగం మంది. వచ్చేసారి ఒకటి తెచ్చి చూపిస్తే బాగుంటుంది.

మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే ఫోన్ చేస్తే కింద వరండాలో పెడతారు. పదేళ్ళలోపు పిల్లలకు చివరి అరగంట విసుగ్గా ఉంటుంది, బొమ్మలు వేసుకోవడానికి కాగితాలు పట్టుకెళ్ళండి. పిల్లల్ని దింపి వెళ్ళిపోకుండా మీరూ కూర్చోండి.