గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ: చెల్లెలి కట్నం వేధింపుల విషయంలో మాకు అందిన సహాయం

మా చెల్లెలు హైదరాబాదులోని అత్తవారింటి నుంచి పుట్టింటికి వచ్చి 2025 మార్చికి మూడేళ్లు నిండాయి. కాపురం చక్కబడుతుందన్న ఆశతో పెద్దమనుషుల చుట్టూ తిరిగామే తప్ప స్టేషను మెట్లెక్కలేదు. చివరికి మే నెలలో ఊళ్లో ఒక లాయరు గారిని కలిస్తే, కాగితాలు విప్పకుండానే "మూడేళ్లు దాటిపోయింది కదండీ, ఇక కేసు నిలవదు" అని ఫీజు తీసుకుని పంపేశారు. ఆ రాత్రి చెల్లెలు అన్నం ముట్టలేదు.

మర్నాడు జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాం. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారని మాకు అక్కడే తెలిసింది. మాకు కేటాయించిన న్యాయవాది మేడం ముందుగా అడిగినవి తేదీలు. చెల్లెలు చెబుతుంటే తెల్లకాగితం మీద వరసగా రాసుకుంటూ, ఫోనులోని మెసేజీలన్నీ ఓపికగా విన్నారు. "మిగతా అయిదు లక్షలు తీసుకునే రా, లేకపోతే అక్కడే ఉండు" అని 2023 నవంబరులో అత్తగారు పంపిన వాయిస్ మెసేజి దగ్గర ఆగి, రెండోసారి విని, ఆ తేదీ కింద గీత గీశారు.

ఆ గీత ఎందుకో ఆవిడే విడమరచి చెప్పారు. భార్యను భర్త, అత్తింటివారు క్రూరంగా చూడటాన్ని నేరంగా చెప్పే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షను 498-ఎ కింద గరిష్ఠ శిక్ష మూడేళ్లు కాబట్టి, కోర్టు కేసును స్వీకరించడానికి కాలపరిమితి కూడా మూడేళ్లే. అయితే వేధింపు కొనసాగుతున్నంత కాలం ఆ గడువు కొత్తగా మొదలవుతూనే ఉంటుంది కనుక, ఇల్లు విడిచిన రోజు నుంచే లెక్క కట్టి చేతులెత్తేయనక్కరలేదు. ఒకవేళ గడువు దాటినా, ఆలస్యానికి తగిన కారణం చూపినప్పుడు, లేదా న్యాయం కోసం అవసరమనుకున్నప్పుడు కోర్టు కేసును స్వీకరించవచ్చు. కాపురాల్లోని క్రూరత్వం విషయంలో ఈ వెసులుబాటును గుర్తుంచుకోవాలని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింది నేరాలకైతే ఈ గడువు అసలు వర్తించదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో కొత్త చట్టాలు వచ్చినా, అంతకుముందు జరిగినవాటికి పాత సెక్షనే వర్తిస్తుందనీ, పుట్టింట తలదాచుకున్న చోట కూడా ఫిర్యాదు చేయవచ్చని 2019లో తీర్పు ఉన్నందున హైదరాబాదు వెళ్లనక్కరలేదనీ చెప్పారు. మూడేళ్లుగా మాకు ఈ మాట చెప్పినవారు ఒక్కరూ లేరు.

నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది మాత్రం మరో సందర్భంలో. పెళ్లయి వేరే ఊళ్లో ఉంటున్న ఆడపడుచు పేరు కూడా రాయాలని మా అమ్మ పట్టుబట్టింది. "ఆవిడ ఏ రోజు, ఎక్కడ, ఏమన్నదో చెప్పండమ్మా, రాస్తాను" అన్నారు మేడం. అమ్మ దగ్గర జవాబు లేదు. "వదిన నన్నొక్క మాటా అనలేదమ్మా" అని చెల్లెలే అంది. నిర్దిష్టమైన ఆరోపణలు లేకుండా బంధువులందరినీ కేసులోకి లాగడం తగదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తెలంగాణ కేసులో చెప్పిందని మేడం వివరించి, ఆ పేరు లేకుండానే ఫిర్యాదు రాశారు. జరగనిది రాస్తే జరిగినదాన్ని కూడా ఎవరూ నమ్మరని అమ్మ ఇంటికొచ్చాక ఒప్పుకుంది.

వెళ్లేవారు పెళ్లి ఫోటోలు, బంగారం బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాటి జిరాక్సులు వెంట తీసుకెళ్లండి. మెసేజీలున్న ఫోను మార్చకండి, ఏదీ చెరపకండి. వెళ్లలేనివారు న్యాయ సహాయ హెల్ప్‌లైను 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఒక్కసారికి పని తేలదు. మేము మూడుసార్లు వెళ్లాం.

జూన్‌లో ఫిర్యాదు నమోదైంది. ఆ కేసును ప్రభుత్వ న్యాయవాది నడుపుతారు. చెల్లెలి నగలు తిరిగి ఇప్పించమని గృహహింస చట్టం కింద వేసిన దరఖాస్తును మా మేడమే చూస్తున్నారు. వాయిదాకు ముందు రోజు ఆవిడే ఫోను చేసి గుర్తుచేస్తున్నారు.