బాస్ క్యాన్ కాఫీ: గ్రహాంతరవాసి చేతిలో వేడి డబ్బా

జపాన్‌లో సంతోరీ సంస్థ 1992 నుంచి అమ్ముతున్న బాస్ క్యాన్ కాఫీ గురించి రాయాలంటే దాని టీవీ ప్రకటనలను పక్కన పెట్టడం సాధ్యం కాదు. నోట పైపు పెట్టుకున్న పెద్దమనిషి బొమ్మ గల ఆ డబ్బాకు 2006లో ప్రచారకర్తగా వచ్చినవారు హాలీవుడ్ నటుడు టామీ లీ జోన్స్. అయితే ఆయన అందులో సినిమా తారగా కనిపించరు. భూగ్రహాన్ని పరిశీలించడానికి మనిషి రూపంలో దిగిన గ్రహాంతరవాసిగా కనిపిస్తారు. 1997 నాటి 'మెన్ ఇన్ బ్లాక్'లో గ్రహాంతరవాసులను అదుపు చేసే అధికారిగా నటించిన మనిషికే ఈ వేషం కట్టడంలోని కొంటెతనం చూడగానే నవ్వు తెప్పిస్తుంది.

ప్రతి ప్రకటనలోనూ ఆయనకు ఏదో ఒక సామాన్యమైన కొలువు ఉంటుంది. ఒకసారి టాక్సీ నడుపుతారు, ఒకసారి దుకాణంలో గల్లాపెట్టె దగ్గర నిలబడతారు, మరోసారి నిర్మాణ పనుల్లో చెమటోడుస్తారు. ముఖంలో ఒక్క కండరమూ కదలదు. వెనుక నుంచి మాత్రం 'ఈ గ్రహవాసులు' అంటూ సొంత గ్రహానికి పంపే నివేదిక, ఏ భావమూ లేని గొంతుతో, జపానీయుల హడావిడిని, మొహమాటాలను, అర్థంలేని ఆచారాలను ఏకరువు పెడుతుంది. చివర్లో 'అయితే' అని ఒక మెలిక పడి, ఆయన డబ్బా మూత తీస్తారు. వాటిలో నాకు బాగా నచ్చినది, జపాన్ సంప్రదాయ బాణీకి దగ్గరగా ఉండే ఎంకా పాటల గాయని యాషిరో అకి గానం విని ఆ రాతిముఖం మీద కన్నీరు జారేది. 'ఈ పనికిమాలిన, అద్భుతమైన ప్రపంచం' అన్న ముగింపు వాక్యం అక్కడ అతికినట్టు మరెక్కడా అతకలేదు.

జపాన్ ప్రకటనల్లో విదేశీ తారలు కొత్త కాదు. చార్లెస్ బ్రాన్సన్ 1970లోనే మాండమ్ సౌందర్య సాధనాలకు ప్రచారం చేశారు. ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ ఒక శక్తి పానీయం కోసం కెమెరా ముందు విరగబడి నవ్వారు. అక్కడి టీవీ ప్రకటన సాధారణంగా 15 సెకన్లే కాబట్టి, వస్తువు గుణగణాలు వివరించే తీరిక ఉండదు; తెలిసిన ముఖం, వింతైన సన్నివేశం, చెవిలో నిలిచే రాగం చాలు. మన మహేశ్ బాబు థమ్సప్ ప్రకటనల్లో సాహసాలు చేసి హీరోగానే మిగిలితే, జోన్స్ మాత్రం అజమాయిషీ చేసేవారితో చీవాట్లు తిని చేతులు కట్టుకుని నిలబడతారు. ఈ కాఫీ మొదటినుంచీ కష్టపడి పనిచేసేవారి తోడుగానే అమ్ముడవుతోంది కాబట్టి, అంత పెద్ద నటుడిని కూలివాడిగా చూపడం వ్యాపారపరంగా కూడా తెలివైన పనే.

ఇక రుచి. నేను తాగినది రెయిన్‌బో మౌంటెన్ రకం. గ్వాటెమాలా గింజలు వాడతారు, పాలు, పంచదార ముందే కలిసి ఉంటాయి. వెండింగ్ మెషీన్లో ఎర్ర పట్టీ కింద ఉన్న మీట నొక్కితే వేడిది, నీలం పట్టీ కింద ఉన్నది నొక్కితే చల్లనిది పడుతుంది. చలికాలంలో ఆ చిన్న ఉక్కు డబ్బా అరచేతుల్లోకి వచ్చినప్పటి సుఖం ముందు, లోపలి కాఫీ కాస్త వెలవెలబోతుందని చెప్పక తప్పదు. పాలు కలిపిన కాఫీని డబ్బాలో మూసి అధిక వేడితో శుద్ధి చేస్తారు గనుక పాలు బాగా మరిగిన వాసన తగులుతుంది. తీపి నాలుకకు అంటుకుంటుంది. డికాక్షన్ చిక్కదనం మాత్రం ఉండదు. ఫిల్టర్ కాఫీ అలవాటున్నవారు దీన్ని కాఫీ అనడానికి తటపటాయిస్తారు. చల్లనిదాంట్లో తీపి కాస్త అణిగి, చేదు స్పష్టంగా తెలుస్తుంది గనుక నా ఓటు దానికే, ఎండాకాలమైతే.

తీపి గిట్టనివారు పంచదార లేని బ్లాక్ రకం తీసుకోవడం మేలు. 2017లో వచ్చిన క్రాఫ్ట్ బాస్ మూత బిగించుకునే ప్లాస్టిక్ సీసాలో దొరుకుతుంది. మరింత పలచన, కానీ గుక్కగుక్కగా తాగుతూ ఆఫీసు బల్ల దగ్గర చాలాసేపు నడిపించుకోవచ్చు. రైలు వచ్చేలోపు ఒక్క గుక్కలో వెచ్చదనం కావాలనుకునేవారికి మాత్రం చిన్న డబ్బాయే సరైనది.