తోడుంటేనే మేత: మా కుందేలు ఆపరేషన్ అయిన నాలుగేళ్ళకు

మా ఆడ కుందేలు గవ్వకు గర్భసంచి తీయించి ఈ వినాయక చవితికి నాలుగేళ్ళు. దానికి బెల్లం అనే మగ కుందేలు తోడుగా కుదిరి మూడున్నరేళ్ళు దాటింది. ఆపరేషన్ ఏ వయసులో చేయించాలి, ఎందుకు చేయించాలి అన్నవి కుందేళ్ళను పెంచేవాళ్ళకు తెలిసిన సంగతులే కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నేను చెప్పదలచింది మేత గురించి. ఈ నాలుగేళ్ళలో నేను పడిన భయమంతా, పొందిన సంతోషమంతా ఈ ప్రాణి తింటున్నదా లేదా అన్న దగ్గరే ఉంది.

గవ్వ ఒంటరిగా పెరిగింది. ఏడాది నిండేలోగా దానికి రెండుసార్లు ఉత్తుత్తి చూలు వచ్చింది. మగ కుందేలు మొహమే ఎరగని ప్రాణి, తన గంగడోలు మీది బొచ్చు తానే పీక్కుని, నోటినిండా గడ్డి పట్టుకుని మూలకు మోసి గూడు కట్టింది. పదిహేను రోజులు ఆ దరిదాపులకు చేయి పోనిస్తే గుర్రుమని మీదికి వచ్చేది. రెండోసారి ఆ ఖాళీ గూటి పక్కన అది కాపలా కూర్చున్న తీరు నేను చూడలేకపోయాను. కొన్ని జాతుల్లో నాలుగేళ్ళు దాటిన ఆడవాటిలో సగానికి మించి గర్భాశయ క్యాన్సర్ బారిన పడతాయని అప్పటికే చదివాను. అయినా నన్ను కదిలించింది ఆ లెక్క కాదు, ఆ గూడు.

మాది విజయవాడ. మొదట మా ఊళ్ళోనే ఒక పశువుల ఆసుపత్రిలో తేదీ ఖాయం చేసుకున్నాను. ముందురోజు ఫోను చేసి, “రాత్రి పది తరువాత ఏమీ పెట్టకండి, నీళ్ళు కూడా వద్దు” అన్నారు. కుక్కకూ పిల్లికీ తిండి ఆపమనడం సరైన మాటే. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుందేలు అసలు వాంతి చేసుకోలేని ప్రాణి. దాని పేగులు మాత్రం ఎప్పుడూ కదులుతూ ఉండాలి. పూట పూటంతా మేత పడకపోతే కదలిక మందగిస్తుంది, గ్యాస్ పట్టేస్తుంది, ఆ నొప్పికి ఇంకా తినదు. అలా ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోవచ్చు. ఈ మాట మర్యాదగానే చెప్పాను. “ఏ జంతువుకైనా మా పద్ధతి ఇంతేనమ్మా” అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్న సామెత నిజం కుందేలు విషయంలోనే వినవలసి వచ్చింది. నాలుగేళ్ళయినా నాకు ఆ కోపం తగ్గలేదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియనిదాన్ని పద్ధతి అని పేరు పెట్టి మూగప్రాణి మీద ప్రయోగించడం తప్పు. ఆ తేదీ రద్దు చేసుకున్నాను.

హైదరాబాద్‌లో కుందేళ్ళను తరచూ చూసే డాక్టరు ఒకరు దొరికారు. నేను అడగకముందే ఆయన, “బయలుదేరేదాకా, ఇక్కడికి వచ్చాక కూడా గడ్డి తిననివ్వండి. అది బాగా ఇష్టపడే ఆకులు వెంట తెచ్చుకోండి, మెలకువ రాగానే పెట్టాలి” అన్నారు. ఆ ఒక్క మాటతో నా వెతుకులాట ముగిసింది. ఎండ తగలకుండా రాత్రిపూట కారులో సుమారు 270 కిలోమీటర్లు తీసుకెళ్ళాము. ఆపరేషన్ గురించి రాయడానికి ఏమీ లేదు. గంటలోపు అయిపోయింది, కుట్లు లోపలికి వేశారు, సాయంత్రానికి గవ్వను మా చేతికిచ్చారు.

అసలు కథ ఆ రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో మా పిన్ని ఇంట్లో జరిగింది.

ఇంటికి రాగానే కొత్తిమీర పెట్టాను. వాసన చూసి మొహం తిప్పుకుంది. గరిక పెట్టాను, దాని వైపు చూడను కూడా లేదు. వీపు విల్లులా వంచుకుని, కళ్ళు సగం మూసుకుని మూలకు కూర్చుంది. దగ్గరగా చెవి పెడితే పళ్ళు కొరుకుతున్న శబ్దం. కుందేలు హాయిగా ఉన్నప్పుడు కూడా పళ్ళు ఆడిస్తుంది కానీ అది సన్నగా, నిమిరితే పుట్టే గుసగుసలా ఉంటుంది. ఇది రాయి మీద రాయి రాపిడి. ట్రేలో ఒక్క పెంటిక లేదు. తొమ్మిదయింది, పదకొండయింది. డాక్టరుకు ఫోను చేస్తే, “పొట్ట మెత్తగా ఉందా, డోలులా బిగిసిందా?” అని అడిగారు. మెత్తగానే ఉందన్నాను. “బిగిస్తే నోట్లో ఏమీ పోయకుండా నేరుగా తీసుకురండి. మెత్తగా ఉన్నంతవరకు నొప్పి మందు వేళకు ఇవ్వండి, ఒళ్ళు చల్లబడనివ్వకండి, మూడు గంటలకోసారి సిరంజితో జావ పట్టండి” అన్నారు.

పిన్నికి కుందేళ్ళ గురించి తెలియదు కానీ ముగ్గురు బాలింతలకు సేవ చేసిన మనిషి. పాత నేత చీర నాలుగు మడతలు వేసి గవ్వ కింద పరిచింది. వేడినీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి ఒక పక్కన ఆనించింది. మేత గుళికలను నేను నానబెట్టి పలచని జావ చేస్తే, తాను ఒడిలో పెట్టుకుని పట్టుకుంది. ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య ఖాళీ ఉంటుంది. అక్కడ పక్క నుంచి సిరంజి మొన పెట్టి చుక్క చుక్కగా వదలాలి, తొందరపడితే శ్వాసలోకి పోతుంది. ఒక్క మిల్లీలీటరు మింగడానికి రెండు నిమిషాలు. “అడుగుతూ పెట్టవే, బలవంతం చెయ్యకు” అని పిన్ని నన్నే మందలించింది. పన్నెండింటికి, మూడింటికి, ఆరింటికి అలాగే పట్టాము.

తెల్లవారాక పిన్ని చవితి పూజకని కుండీలో పెంచిన గరిక కోసి తెచ్చింది. పూజ అయిపోయి వారమైనా ఇంకా లేతగా ఉంది. గవ్వ ముందు పెట్టకుండా తానే ఒక పోచ నోట్లో పెట్టుకుని, దాని మొహానికి మొహం ఆనించి నమలసాగింది. నేను ఆపబోయాను. గవ్వ ముక్కు కదిలింది. ఆ పోచ రెండో కొస అందుకుంది. తరువాత ఇంకొకటి. ఎనిమిదిన్నరకు ట్రేలో మిరియం గింజంత పెంటిక ఒకటి పడింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని మేమిద్దరమూ ఏడ్చాము. పక్కన ఇంకొకరు తింటుంటేనే ఇది తిన్నదన్న సంగతి ఆ రోజు నా బుర్రకు తట్టలేదు. అది అర్థం కావడానికి మూడేళ్ళు పట్టింది.

ఆపరేషన్ అయిన ఆరు వారాలకు గుర్రుమనడం తగ్గింది. మూత్రం చిమ్మడం పూర్తిగా పోయింది. ఇంక గూళ్ళు లేవు. ఆ సంతోషంలో అడిగిన ప్రతివారికీ “ఆపరేషన్ చేయిస్తే కుందేలు సాధువైపోతుంది” అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. పరుపులు తవ్వడం ఈ రోజుకూ మానలేదు. తన గిన్నె దగ్గరకు చేయి పెడితే ఇప్పటికీ ముందు కాళ్ళతో ఒకటి వేస్తుంది. ఒళ్ళు కూడా వచ్చింది, రెండు కిలోల ప్రాణి రెండున్నర అయితే గుళికలు సగానికి తగ్గించవలసి వచ్చింది. పోయింది ఆరాటం. స్వభావం పోలేదు.

కార్తీక మాసంలో బెల్లం వచ్చింది. రెండేళ్ళ మగది, బెంగళూరు మారిపోతున్న ఒక కుటుంబం ఇచ్చింది. దానికీ ఆపరేషన్ అయి రెండు నెలలు దాటింది. ఇద్దరి బోనులనూ జానెడు ఎడంతో పక్కపక్కన పెట్టాను, తీగల సందుల్లోంచి కరుచుకోకుండా. రెండు రోజులకోసారి ట్రేలు మార్చేదాన్ని, ఒకరి వాసన ఒకరికి అలవాటు కావాలని. మూడో వారానికి ఇద్దరూ తీగల దగ్గర ఎదురెదురుగా పడుకుంటున్నారు. ఇంక చాలనిపించి బెల్లాన్ని గవ్వ గదిలోకి వదిలాను.

అది నా వల్ల జరిగిన పొరపాటు. ఆ గది గవ్వది. తోకలు పైకి లేచాయి, ఒకదాని చుట్టూ ఒకటి చక్రంలా తిరిగాయి. రెప్పపాటులో ఒకే బంతి అయిపోయాయి. గది అంతా బొచ్చు ఎగిరింది. మధ్యలో చేయి పెట్టాను, బొటనవేలు తెగింది. మందపాటి దుప్పటి పైన వేసి విడదీసేసరికి బెల్లం చెవి అంచు గోరంత మేర చిరిగి ఉంది. దానికి వాడిన మందుల్లో కూడా జాగ్రత్త కావలసి వచ్చింది. మనకూ కుక్కలకూ మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరును అడగకుండా ఇంట్లో ఉన్న మందు వేయకపోవడం ఆ రోజు నేను చేసిన ఒకే మంచి పని.

రెండు వారాలు ఇద్దరినీ వేరుగా ఉంచి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాము. ఈసారి పక్కింటివారి ఖాళీ గదిలో. ఇద్దరిదీ కాని చోటు, ఇద్దరి వాసనా లేని నేల. మొదటిరోజు పది నిమిషాలు, తరువాత పావుగంట, తరువాత అరగంట. బెల్లం ఎక్కబోతే కాసేపు చూసేదాన్ని. తల వైపు ఎక్కితే మాత్రం వెంటనే దించేదాన్ని, కింద ఉన్నది కరిచిందంటే పెద్ద గాయమే. ప్రతిసారీ మధ్యలో ఒకే పళ్ళెంలో కొత్తిమీర కట్ట. మొదట చెరో కొసన తిన్నారు. సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు గవ్వ తినడం ఆపి, బెల్లం గడ్డం కిందికి తల దూర్చి నేలకు అదిమిపెట్టి ఉండిపోయింది. నిమురు అని అడగడం అది. బెల్లం చాలాసేపు ఆలోచించింది. ఆ తరువాత గవ్వ నుదురు నాకింది. మొత్తం పదకొండు వారాలకు ఇద్దరూ ఒకే గదిలో రాత్రంతా ఉన్నారు.

నిరుడు మే నెలలో ఒక మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయింది. విజయవాడ మే ఎండ సంగతి చెప్పనక్కరలేదు. కుందేలుకు చెమట పట్టదు, ఎక్కువగా చెవుల గుండానే వేడి పోగొట్టుకోవాలి. గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు, తడి పెంకులు పెట్టినా సాయంత్రానికి గవ్వ మేత మానేసింది. అదే విల్లు వీపు, అదే రాళ్ళ రాపిడి. ఇప్పుడు మా ఊళ్ళోనూ కుందేళ్ళను చూసే డాక్టరమ్మ ఉన్నారు. “రెండోదాన్ని కూడా తీసుకురండి” అన్నారు ఫోనులో. ఎందుకో తెలియక తీసుకెళ్ళాను. చర్మం కిందికి సెలైను, నొప్పికి ఇంజెక్షను ఇచ్చి, ఇద్దరినీ ఒకే బుట్టలో పెట్టి గుప్పెడు గరిక వేశారు.

బెల్లం తినడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, దాని చప్పుడు దానిదే. గవ్వ కదలలేదు. పావుగంట గడిచింది. అప్పుడు గవ్వ మెడ చాచి, బెల్లం నోట్లోంచి వేలాడుతున్న పోచ రెండో కొస పట్టుకుని లాగింది. ముందు ఎంత గరిక ఉన్నా దాన్ని ముట్టలేదు, బెల్లం నోట్లోదే కావాలి. పోచ తరువాత పోచ అలా లాక్కుని తిన్నది. బెల్లం ఒక్కసారీ విసుక్కోలేదు. ఆ రాత్రి సిరంజి అవసరమే పడలేదు. నాకు పిన్ని గుర్తొచ్చింది. అక్కడి నుంచే ఫోను చేస్తే, “నేను అప్పుడే చెప్పలేదూ, ఒంటరిగా ఎవరికి ముద్ద దిగుతుంది?” అన్నది.

ఈ ఒక్క కారణానికే నేను తోడును మెచ్చుకుంటాను. దీనిలోనే ఒక చిక్కూ ఉంది. ఇద్దరికీ ఒకే ట్రే కాబట్టి ఎవరి పెంటికలు ఎవరివో తెలియదు. గిన్నె ఖాళీ అయితే ఇద్దరూ తిన్నారని అనుకుంటాము. ఈ ఫిబ్రవరిలో బెల్లం పంటి నొప్పితో దాదాపు ఒక పగలంతా తినకపోయినా నాకు తెలియలేదు, గవ్వ రెండు వంతులూ తినేసింది. ఒంటరి కుందేలయితే ఉదయానికే పట్టుకునేదాన్ని. అప్పటి నుంచి రోజూ పొద్దున చెరో కొత్తిమీర రెమ్మ నా చేత్తోనే తినిపిస్తున్నాను, ఆదివారం ఆదివారం వంటింటి తూకం మీద ఇద్దరినీ తూస్తున్నాను. వీరిలో ఒకరు ముందు పోతే రెండోవారు మేత ముడతారా అన్న ప్రశ్న కూడా నాతో ఉంది.

చేయించాలా వద్దా అని నన్ను అడిగేవారికి నా పరిస్థితి ముందు చెబుతున్నాను. నేను ఇంటి నుంచే పని చేస్తాను. హైదరాబాద్‌లో పిన్ని ఇల్లు ఉంది. ఆపరేషను, మందులు, ప్రయాణం కలిపి పన్నెండు వేలు అయితే భరించగలిగాను. గవ్వకు అప్పుడు పద్నాలుగు నెలలే. ఇవన్నీ ఉన్నచోట నేనైతే మళ్ళీ చేయిస్తాను. అయిదేళ్ళు దాటిన కుందేలు, ఉపవాసం పెట్టమనే డాక్టరు తప్ప ఇంకొకరు లేని ఊరు అయితే చేయించమని నేను చెప్పలేను. తోడు తెద్దామనుకుంటే ఆ పదకొండు వారాలు రోజూ నేల మీద కూర్చునే తీరిక ఉందో లేదో చూసుకోవాలి. రెండు ఆడవి, రెండు మగవి కూడా కుదురుతాయంటారు కానీ నా అనుభవం ఒక ఆడ, ఒక మగ వరకే.

వచ్చే మంగళవారం బెల్లం దవడ పళ్ళు మళ్ళీ అరగదీయించాలి. పాత బుట్ట ఇద్దరికీ ఇరుకైందని నిన్న పెద్దది తెచ్చాను. గవ్వ అప్పుడే దానిలో కూర్చుని గడ్డి తింటున్నది.