మొక్కలకు మూడు స్టార్లు, గ్రూపుకు నాలుగున్నర

తిరుచానూరు రోడ్డులో ఉన్న ఒక నర్సరీ గురించి రాస్తున్నా. పేరు చెప్పను, కింద తిట్లు కూడా ఉన్నాయి, పైగా వారానికోసారి ఆ షాపాయన మొహం చూడాల్సిన మనిషిని. మార్చిలో ఒక గులాబీ మొక్క, 5 కిలోల కొబ్బరిపొట్టు దిమ్మె, రెండు సంచుల వర్మీకంపోస్టు కొన్నా. కుండీల రేటు బయటికంటే ఎక్కువే, బేరం ఆడితే నవ్వుతాడు కానీ తగ్గించడు. బిల్లు వెనకాల ఒక క్యూఆర్ కోడ్ ఉంది, స్కాన్ చేస్తే వాళ్ళ మిద్దెతోట వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళా. నిజంగా రివ్యూ రాయాల్సింది ఆ గ్రూపు మీదే.

సుమారు 600 మంది ఉన్నారు. చేరేటప్పుడు నాకున్న భయం అందరికీ తెలిసిందే, పొద్దున లేస్తే గుడ్ మార్నింగులు, పువ్వుల జిఫ్‌లు, ఎవరిదో రియల్ ఎస్టేట్ వెంచరు. ఇక్కడ అవేమీ రావు. వస్తే అయిదు నిమిషాల్లో తీసేస్తారు, స్వామివారి ఫోటోకు కూడా మినహాయింపు లేదు. తిరుపతిలో ఆ రూలు పెట్టాలంటే ఎంత గుండె కావాలో ఆలోచించండి.

నా మొదటి ప్రశ్న, 'గులాబీ ఆకులు పసుపుపచ్చగా అయిపోతున్నాయి, ఏం చేయాలన్నా?' దీనికి గ్రూపులో ముద్దుపేరు సుప్రభాతం అని తర్వాత తెలిసింది, రోజూ తెల్లారగానే ఎవరో ఒకరు మొదలుపెడతారు కాబట్టి. ఎవరూ విసుక్కోలేదు, అలాగని మందు పేరూ చెప్పలేదు. తిరిగి నన్నే నాలుగు అడిగారు: ఎన్ని గంటలు ఎండ తగులుతుంది, నీళ్ళు ఎన్నాళ్ళకోసారి, పసుపు తిరిగింది పై ఆకులా కింది ఆకులా, కుండీ అడుగు రంధ్రం తెరిచే ఉందా. ఏమబ్బా, తెలిస్తే చెప్పేయొచ్చు కదా అని నాకు కాస్త మండింది. సరే అని కుండీ ఎత్తి చూస్తే అడుగు టైలుకు అతుక్కుపోయి ఉంది, రంధ్రం మట్టితో పూడిపోయింది. పుల్లతో పొడిస్తే నల్లటి నీళ్ళు కారాయి, మురుక్కాలవ వాసన. ఎండకు భయపడి రోజుకు రెండు పూటలా చెంబులతో పోస్తున్నా మరి, వేళ్ళకు ఊపిరాడక మొక్క అట్లయింది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించి చూడండి, తడి తగిలితే ఆ పూటకు నీళ్ళు మానేయండి అన్నారు. ఖర్చు సున్నా. మందు అమ్ముకునే ఛాన్సు వదులుకున్న షాపాయన్ని నేను చూడటం అదే మొదలు.

మిరప ముడత కూడా అంతే, వారంలో నాలుగుసార్లయినా వస్తుంది. పాత జవాబు అతికించి పంపితే సరిపోయేదానికి మళ్ళీ ఫోటో ఎందుకు అడుగుతారో నాకు చాన్నాళ్ళు అర్థం కాలేదు. ఆకు అంచులు దొన్నెలాగా పైకి ముడుచుకుంటే తామర పురుగు, బోర్లించిన పడవలాగా కిందికి ముడుచుకుంటే నల్లి. నల్లి అసలు పురుగే కాదు, సాలీడు వర్గం, అందుకే మామూలు పురుగుమందులు చాలావరకు దానిమీద పనిచేయవు. దానికి నీళ్ళలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు, అదీ ఎండ దిగాకే కొట్టాలి. అందరూ రాసేది 'ముడత వచ్చింది' అనే, వెనకాల ఉండే రోగాలు మాత్రం వేరు వేరు.

ఇక పిన్ సంగతి, అంటే మాటిమాటికీ వచ్చే ప్రశ్నలకు జవాబులు రాసి గ్రూపులో పైన కనబడేలా అంటించిన మెసేజీ. వాట్సాప్‌లో మెసేజీ పిన్ చేస్తే ఎక్కువలో ఎక్కువ 30 రోజులు ఉంటుంది, తర్వాత దానంతటదే జారిపోతుంది. జారిన రోజు మాకు ఠక్కున తెలిసిపోతుంది, సుప్రభాతం ముగ్గురు నలుగురు అందుకుంటారు. ఒకసారి అట్లాంటి రోజే ఒక పెద్దావిడ కరివేపాకు ఎదగడం లేదని అడిగితే, అడ్మిన్ కూడా అయిన షాపాయన ఏ చిరాకులో ఉన్నాడో, 'పిన్ చూడమ్మా' అని రెండు ముక్కల్లో కొట్టేశాడు. అప్పుడు పిన్ లేదు కూడా. ఆమె గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఇద్దరు ముగ్గురు అక్కలు గట్టిగానే అడిగారు, ఆయన ఫోన్ చేసి మాట్లాడి వెనక్కి పిలిచాడు. అప్పటినుంచి మామూలు ప్రశ్నలకు వాయిస్ మెసేజీలు రికార్డు చేసి పెట్టుకున్నాడు, అడిగినవాళ్ళకు పేరుతో పలకరించి ఫార్వర్డ్ చేస్తాడు. చదవడం కష్టమైనవాళ్ళకు అదే బాగుంది.

చిట్కాల మీద కూడా పట్టు ఉంది. నువ్వు స్వయంగా వాడి చూడని చిట్కా పెట్టకూడదు. ఒకాయన ప్రతి జబ్బుకూ ఎప్సమ్ సాల్ట్ అంటుంటే, అది మెగ్నీషియం తగ్గినప్పుడే పనికొస్తుంది, ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరిగితేనే వేయండి అని ఆపారు. వేపనూనె వాళ్ళకూ మందుల వాళ్ళకూ కొట్లాట మొదలైతే కాసేపు అడ్మిన్లు మాత్రమే రాసేలా తాళం వేస్తారు. కోతుల ప్రశ్నకు మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. అలిపిరి వైపు ఇల్లున్న ఒకరు టమాటాలన్నీ పోయాయని రాస్తే, 'మా ఇంటికీ వస్తాయి సామీ' అని షాపాయన ఊరుకున్నాడు.

ఇప్పుడు తిట్లు. నా గులాబీకి అంటు కింద నుంచి అడవి చిగురు లేచి పైమొక్కను తినేసింది. అంటు సరిగ్గా లేని మొక్క అంటగట్టారని గ్రూపులో రాశా. పది నిమిషాల్లో నా మెసేజీ మాయం. అడ్మిన్ తొలగించారు అనే గీత మాత్రం మిగిలింది. గుడ్ మార్నింగును తీసేసినట్టే నా కంప్లయింటునూ తీసేశాడన్నమాట, అడ్మినూ ఆయనే, అమ్మేదీ ఆయనే కదా. మర్నాడు షాపుకు పోతే మారు మాట్లాడకుండా వేరే మొక్క ఇచ్చాడు, 'ఈసారి ఫోన్ చేయండన్నా, అందరి ముందరా ఎందుకు' అన్నాడు. మొక్క మార్చినందుకు మొక్కలకు ఒక స్టారు కలిపా, మెసేజీ తీసేసినందుకు గ్రూపుకు అర స్టారు కోశా. కొత్త మొక్కకు రెండు మొగ్గలున్నాయి, ఫోటో గ్రూపులో పెడితే ఉంచాడు.