పావురాల బోను కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

వాట్సాప్‌లో బోన్ల వీడియోలు తిప్పుతున్నాయన ఎవరో విజయనగరం, రాజాం, చీపురుపల్లి వైపు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. "ఒక్కసారి లోపలికెళ్లిందంటే బయటికి రాదు సార్, గ్యారంటీ" అని వాయిస్ మెసేజ్‌లు పెడతాడే, ఆయనే. మా రైస్ మిల్లు గోడౌన్‌లో పావురాల గోల పడలేక 4,800 రూపాయలు ముందే ఫోన్‌పే కొట్టాను. నా తెలివి అలా ఏడ్చింది.

బోను వచ్చింది. కొత్త రంగు, పైన పట్టుకోవడానికి పిడి, చూడ్డానికి దర్జాగానే ఉంది. లోపల నూకలు, కాసిని జొన్నలు, నీళ్ల గిన్నె పెట్టి బస్తాల పక్కన ఉంచాం. మధ్యాహ్నానికి ఒక పావురం దిగింది. బూడిద రంగు, రెక్కల మీద రెండు నల్ల చారలు, మిల్లుల్లో ఎప్పుడూ ఉండే రకమే. గుమ్మం దగ్గర వేలాడే తీగల్ని రొమ్ముతో తోసుకుని లోపలికి దూరింది. నేనూ హమాలీలూ ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అది తాపీగా తింది, ముక్కు ముంచి నీళ్లు పీల్చింది, వెనక్కి తిరిగి అవే తీగల్ని బయటికి తోసుకుని వెళ్లిపోయింది! సాయంత్రానికి బంధువుల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. మా హమాలీలు ఇప్పుడు ఆ బోనుని 'మెస్' అంటున్నారు.

ఇలాంటి బోనులో కిటుకంతా గుమ్మం దగ్గరే ఉంటుంది. పైనుంచి వేలాడే తీగల కొసలు కింద ఒక ఇనప పట్టీకి లోపలి వైపున ఆనుకోవాలి. బయటినుంచి తోస్తే లోపలికి ఊగుతాయి, లోపల్నుంచి తోస్తే పట్టీకి తగిలి ఆగిపోతాయి. వీడియోలో చూపించిన బోనుకి ఆ పట్టీ ఉంది. నాకు పంపినదానికి లేదు.

ఫోన్ చేశాను. మర్యాదగానే చేశాను. ఆయనన్న మాట వినండి: "ఏటండి బాబూ, బోను నానిచ్చాను. పావురాన్ని కూడా నానే ఒచ్చి ఎక్కించాలా?" పక్కన ఎవరో పగలబడి నవ్వుతున్నారు. పట్టీ సంగతి అడిగితే, "మిల్లు నడుపుతన్నారు, ఇనప ముక్క ఎల్డింగ్ సేయించుకోలేరా?" డబ్బులు పోయినదానికంటే ఆ నవ్వుకి ఒళ్లు మండిపోయింది.

అక్కడితో ఆగలేదు. ఇంకో పదిహేను వందలు వేస్తే కుర్రాళ్లొచ్చి రాత్రికి వల కడతారట. మిల్లు వెనక మర్రిచెట్టు మీది పచ్చ పావురాలు, గువ్వలు కూడా పడతాయి, కూరకి బాగుంటాయి అంటాడు! అవి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న పక్షులు. కేసంటూ అయితే మిల్లు ఓనరు కూడా ఇరుక్కుంటాడు. ఆ మాటే అన్నాను. ఫోన్ పెట్టేసి నన్ను బ్లాక్ చేశాడు.

ఎవరైనా బోను కొంటే, చెయ్యి లోపల పెట్టి తీగల్ని బయటికి తోసి చూశాకే డబ్బులివ్వండి. అయినా పట్టిన పావురాల్ని ఊరవతల వదిలితే మళ్లీ గూటికే వస్తాయి. వెంటిలేటర్లకి, చూరు కింద సందులకి మెష్ కొట్టించుకోవడమే నయం. మా గోడౌన్‌లో ఆ పని రేపటినుంచి మొదలు.