మసత్లాన్ కార్నివాల్: వీధి బాందా ఎక్కడ వినాలి, ఎక్కడ దిగాలి

మెక్సికో పసిఫిక్ తీరంలోని మసత్లాన్‌లో 1898 నుంచి కార్నివాల్ జరుగుతోంది. ఆది, మంగళవారాల ఊరేగింపు కోసం వెళ్లేవాళ్లే ఎక్కువ. సంగీతం కోసమైతే మాత్రం ఊరేగింపు రెండో పక్షం. రథాల మీద స్పీకర్ల హోరు, ఏ బృందమూ మన ముందు నాలుగు నిమిషాలు నిలవదు. వినాల్సింది వీధిలో వాయించే బాందా.

బాందా అంటే పన్నెండు నుంచి పద్దెనిమిది మంది. క్లారినెట్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబా, తరోలా అనే చిన్న డ్రమ్ము, తంబోరా అనే పెద్ద డ్రమ్ము. మన పెళ్లి బ్యాండుకి దగ్గరి చుట్టమే గానీ జోరు మూడింతలు. తంబోరా వాద్యగాణ్ణి గమనించండి: ఒక చేత్తో పుల్లతో చర్మం మీద దెబ్బ, రెండో చేత్తో డ్రమ్ము నెత్తిన బిగించిన తాళం మీద తాళం. నడక మొత్తం ఆ రెండు చేతుల్లోనే ఉంటుంది.

ట్రంపెట్ల ఎదుట నిలబడితే చెవులకు ఇంకేమీ వినపడదు. క్లారినెట్ల వైపు పక్కగా, రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడితే ట్యూబా, తంబోరా విడివిడిగా తెలుస్తాయి. ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి. ఫోన్లో రికార్డు చేయాలంటే ఐదారు మీటర్లు వెనక్కి జరగాలి, లేకపోతే దెబ్బ పడ్డప్పుడల్లా శబ్దం పగిలిపోతుంది.

పాట అడిగితే డబ్బివ్వాలి, పాటకింత అని లెక్క. "క్వాంతో పోర్ కన్సియోన్?" అంటే పాటకు ఎంత అని. పాట మూడు నిమిషాల్లో అయిపోతుంది, కాబట్టి ఐదారు పాటలు కావాలంటే గంట బేరం అడిగి చూడండి. గొడవ వచ్చేది ఎప్పుడూ ఒకచోటే: చెప్పిన రేటు ఒక్క పాటకా, మొత్తానికా, పెసోలా, డాలర్లా. వాయిద్యం ఎత్తకముందే తేల్చుకోవాలి. ఇద్దరే ఉంటే అకార్డియన్‌తో తిరిగే చిన్న బృందం, చిర్రిన్, చాలా చవక. పక్కవాళ్లు పెట్టించుకున్న పాటను కాస్త ఎడంగా నిలబడి వినడానికి ఎవరూ ఏమీ అనరు. వాళ్ల మధ్యలోకి ఫోను దూర్చడం మాత్రం మర్యాద కాదు. అడగదగ్గ పాట ఒకటి: 'ఎల్ నిన్యో పెర్దిదో'. ఒక ట్రంపెట్ వాద్యగాడు జనంలో దూరంగా వెళ్లి వాయిస్తాడు, బృందంలోని ట్రంపెట్ జవాబిస్తుంది, అతను వాయిస్తూ వాయిస్తూ దగ్గరికొస్తాడు. ముఠాలను పొగిడే కొర్రిదోలు, అంటే కథ చెప్పే పాటలు, మాత్రం అడగొద్దు.

రాత్రి వేదికలన్నీ పాత ఊరి సముద్రతీరం ఓలాస్ ఆల్తాస్ దగ్గర, టికెట్ కొని తనిఖీ దాటి లోపలికి వెళ్లాలి. వేదికలు దగ్గరదగ్గరగా ఉండి ఒక బాందా మోత మీద ఇంకోదాని మోత పడుతుంది. శనివారం సముద్రం మీద బాణసంచా ఉంటుంది కాబట్టి ఇసుకేస్తే రాలనంత జనం. వినడానికి సోమవారం మేలు. బీచ్‌లో బాందాల మోతపై హోటళ్ల ఫిర్యాదులు, దానికి 2024 మార్చిలో వాద్యగాళ్ల నిరసన జరిగాయి. కాబట్టి బీచ్‌లో ఎప్పటిదాకా వాయించనిస్తున్నారో అక్కడే అడగండి.

బస ఓలాస్ ఆల్తాస్‌లో వీధివైపు గదైతే తెల్లవారుజాము దాకా నిద్ర ఉండదు. పాత ఊళ్లోని చౌకు ప్లాసా మచాదో వెనక సందుల్లో, లోపలి వసారా వైపు గది అడగండి. నడిచే దూరం, మోత తక్కువ. ఊరికి ఉత్తరాన ఉన్న పర్యాటకుల పేట సోనా దొరాదాలో హోటళ్లు ఎక్కువే గానీ, ఊరేగింపు రోజుల్లో తీరం రోడ్డు మూసేస్తారు, లోపలి రోడ్లన్నీ ఇరుక్కుంటాయి. పుల్మోనియా అనే తెరిచిన టాక్సీకి మీటరుండదు, ఎక్కేముందే రేటు మాట్లాడాలి.

శాకాహారులకు కప్పులో ఇచ్చే మొక్కజొన్న ఎస్కితెస్, మామిడి ముక్కలు. బీన్స్‌లో పంది కొవ్వు పడే అవకాశం ఎక్కువ, "సిన్ మంతేకా" అనండి.

మసత్లాన్ ఉన్న సినలోవా రాష్ట్రంపై అమెరికా అత్యున్నత స్థాయి ప్రయాణ హెచ్చరిక పెట్టింది. విమానంలోనే దిగండి, ఊరి బయట రాత్రి రోడ్డు ప్రయాణం వద్దు, బీమా ఆ రాష్ట్రానికి వర్తిస్తుందో లేదో చదువుకోండి. అమెరికాలోని మనవాళ్లకు పాస్‌పోర్టులో చెల్లే అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. వీసా స్టాంపు గడువు తీరి, అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే ఐ-797 అనుమతి కాగితమొక్కటే ఉంటే అది చాలదు. 2027లో క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే విభూది బుధవారం ఫిబ్రవరి 10, కార్నివాల్ దానికి ముందు రోజుతో ముగుస్తుంది. గదులు నెలల ముందే బుక్ చేసుకోవాలి.