మా వంటింట్లో పైపు గ్యాసు, 14 నెలల తర్వాత

పైపు గ్యాసు పెట్టించుకోవచ్చా, ఎలా ఉంది అని మా వీధిలో వారానికి ఇద్దరైనా అడుగుతున్నారు. ప్రతిసారీ గుమ్మంలో నిలబడి మొదటినుంచి చెప్పలేక ఒక్కసారే రాసేస్తున్నాను. మాది కాకినాడ, రమణయ్యపేట వైపు. ఇంట్లో నలుగురం. బళ్ళో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను కాబట్టి మధ్యలో కాస్త పాఠం దొర్లితే సర్దుకోండి.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. మిగులుతుందని ఎవరైనా ఊరిస్తే నమ్మకండి. మాకు 14.2 కిలోల సిలిండర్ 38, 40 రోజులు వచ్చేది. ఇప్పుడు రెండు నెలలకొక బిల్లు, 27, 28 యూనిట్లు (యూనిట్ అంటే ఒక ఘనపు మీటరు గ్యాసు) తిరుగుతోంది. లెక్కేస్తే ఒక సిలిండర్ ఇచ్చే వేడికి ఈ గ్యాసు 17 యూనిట్ల దాకా కాలాలి. రేట్లు రెండూ అటూ ఇటూ మారుతూనే ఉంటాయి గానీ ఇప్పటిదాకా మాకైతే సరికి సరి. దీపం పథకంలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు వచ్చే మా ఎదురింటివాళ్ళు పైపు వద్దన్నారంటే వాళ్ళ లెక్క వాళ్ళకుంది, తప్పుపట్టను.

మరి ఎందుకు పెట్టించుకున్నానూ అంటే, సిలిండర్ టెన్షన్ పోవడానికి. పులుసు సగం ఉడికాక మంట నీరసించడం, మా ఆయన నడుం పట్టుకుని బండను దొర్లించుకుంటూ రావడం, సిలిండర్ తెచ్చే అబ్బాయి ఫోను ఎత్తకపోవడం, ఇవన్నీ ఒక్కసారిగా పోయాయి. ఆ సుఖానికి ఎంతైనా ఇవ్వొచ్చు అనిపిస్తుంది నాకు.

కానీ అది రావడానికి పట్టిన కాలం ఉంది చూశారూ, అక్కడ మాత్రం ఒళ్ళు మండింది. 2009లో మన జిల్లాలోనే, గాడిమొగ దగ్గర కేజీ బేసిన్ (కృష్ణా గోదావరి తీరంలో సముద్రం అడుగున దొరికే) సహజవాయువు ఒడ్డుకి చేరింది. చేరినది చేరినట్టే 48 అంగుళాల గొట్టంలో ఇప్పటి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర దాటుకుని గుజరాత్‌లోని భరూచ్ దాకా, దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రయాణం కట్టింది. మా వీధి దాకా ఉన్న ఆ కాస్త దూరం నడవడానికి ఇంకో పదిహేనేళ్ళు తీసుకుంది. కారణం లేకపోలేదు. ఆ పెద్ద లైన్లు కరెంటు కేంద్రాలకీ ఎరువుల ఫ్యాక్టరీలకీ అన్నట్టు వేసినవి. ఇళ్ళకి ఇవ్వాలంటే ఊరి మొగలో ఒక స్టేషను కట్టాలి, అక్కడ ఒత్తిడి దించాలి, అక్కడినుంచి ఉక్కు గొట్టాలు, వీధుల్లోకి పసుపు ప్లాస్టిక్ గొట్టాలు, చివరికి ఇంటి గోడ మీద ఇనుప పైపు, మీటరు. అంటే కాలవ ఉన్నంత మాత్రాన ప్రతి మడికీ నీళ్ళు పారవు కదా, బోదెలు తవ్వుకోవాలి. ఆ బోదెలు తవ్వడంలోనే మా సిమెంటు రోడ్డు రెండుసార్లు పగిలింది. మొదటిసారి పూడ్చినవాళ్ళు అడుగున మట్టి కుదించకుండా పైన సిమెంటు పూసి వెళ్ళారు. వానలకి కుంగి మా పక్కింటి స్కూటీ అందులో దిగబడింది. కంపెనీ పేరు రాయను గానీ ఫోను చేస్తే కాంట్రాక్టరు పని అంటారు, కాంట్రాక్టరేమో కంపెనీ కొలతల ప్రకారమే వేశామంటాడు.

వీధిలో గొట్టం పడ్డాక అసలు అడ్డంకి ఇంట్లోనే ఎదురైంది. మా అత్తయ్యగారు. వయసు 83. పుట్టిల్లు మామిడికుదురు దగ్గర.

ఆవిడకి ఈ గ్యాసు వంటింటి వస్తువు కాదు. 1995 జనవరిలో ఆ దగ్గర్లోనే పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది. రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉండేదని, ఆ హోరుకి దూడలు తాడు తెంచుకునేవని చెబుతారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అదే మామిడికుదురు మండలంలోని నగరం గ్రామంలో, తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్ళే 18 అంగుళాల గ్యాసు లైను పేలింది. ఇరవైమందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. ఆ మూడో రోజున అత్తయ్యగారిని కారులో తీసుకెళ్ళాం. చుట్టాలని పలకరించి వస్తూ దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. అలాంటావిడతో "అత్తయ్యా, అదే గ్యాసు మన గోడలోంచి వస్తుంది" అని ఎలా చెప్పను?

చెప్పాను. "ఆ గొట్టం లోపలికొస్తే నేను మా తమ్ముడింటికి పోతానమ్మాయ్" అన్నారు.

నెల రోజులు ఊరుకున్నాను. తర్వాత ఒకరోజు పెరట్లో బకెట్టు పెట్టి, స్ట్రా లాంటి సన్న గొట్టం తీసుకుని కూర్చోబెట్టాను. ఇంట్లోకి వచ్చేసరికి ఈ గ్యాసు ఒత్తిడి 21 మిల్లీబార్లు. అంటే జానెడు లోతు నీళ్ళలో గొట్టం ముంచి ఊదితే బుడగ రావడానికి ఎంత ఊదాలో అంతే. ఊదమన్నాను. ఊదారు. బుడగ వచ్చింది. "ఇంతేనా?" అన్నారు. నగరం గ్రామంలో పేలిన లైను ఇలాంటిది కాదు, ఊళ్ళ మీదుగా పెద్ద ఒత్తిడితో పోయేది. పైగా పొడి గ్యాసు పోవలసిన గొట్టంలో నీరు, కండెన్సేట్ (గ్యాసుతో పాటు వచ్చే నూనెలాంటి ద్రవం) చేరి లోపలినుంచి తినేశాయని ప్రమాదం తర్వాత తేలింది. అప్పటినుంచే పాత లైన్లు మార్చే పని కోనసీమలో పట్టాలెక్కింది. ముందే మార్చి ఉంటే అన్నారు అత్తయ్యగారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

"వాసన వస్తుందా మరి?" అని ఇంకో ప్రశ్న. వస్తుంది, కుళ్ళిన వాసన, కావాలనే కలుపుతారు. సిలిండర్ గ్యాసు లీకైతే నేల మీద పాకుతుంది, ఇది గాలికన్నా తేలిక, పైకి పోతుంది. అందుకే కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు మా వంటింటి పై వెంటిలేటర్ చూసి ఆగిపోయాడు. దోమలొస్తున్నాయని ఎప్పుడో అట్టముక్కతో మూసేశాం. "అది తీస్తేగానీ వెలిగించనండి టీచరుగారూ" అన్నాడు. ఫిజిక్స్ టీచరుకి ఒక ఐటీఐ కుర్రాడు నేర్పిన పాఠం. తీసి దోమతెర కొట్టించాం. ప్రతి అతుకు దగ్గరా సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూపించి మరీ వెళ్ళాడు. అతనికి అయిదుకి అయిదు.

వంట సంగతి. మొదటి వారం నాకు ఏడుపొచ్చింది. లీటరు పాలు ఎంతకీ పొంగవు. ఈ గ్యాసుకి ఒత్తిడీ తక్కువే, అదే కొలత గ్యాసులో వేడీ తక్కువే. అందుకని బర్నర్ జెట్ బొక్క పెద్దది ఉండాలి. మా మూడు బర్నర్లలో రెండింటికే మార్చి పోయారు. మళ్ళీ పిలిచి మూడోదీ మార్పించాక మంట నీలంగా, నిటారుగా నిలబడింది. మీరు పెట్టించుకునేటప్పుడు దగ్గరుండి ప్రతి బర్నరూ వెలిగించి చూసుకోండి. ఒకసారి కుదిరాక మాత్రం ఈ మంటకి వంక పెట్టలేం. మొదటి రోజూ అరవయ్యో రోజూ ఒకటే సెగ. పెసరట్టుకి పెనం ఎంతసేపట్లో కాగుతుందో ఇప్పుడు చేతికి తెలిసిపోయింది.

బిల్లింగ్ బాగాలేదు. రెండుసార్లు మీటరు చూడకుండానే సగటు బిల్లు పంపారు, ఒకసారి 41 యూనిట్లు. మేం పది రోజులు ఊళ్ళోనే లేము. మీటరు ఫొటో పంపితే తర్వాతి బిల్లులో సర్దారు, క్షమించమన్న ముక్క మాత్రం లేదు. అప్పటినుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున ఫొటో తీసి పెట్టుకుంటున్నాను.

మొత్తానికి గ్యాసుకి నాలుగున్నర, బిగించిన కుర్రాడికి అయిదు, రోడ్డుకి ఒకటి, బిల్లుకి రెండు.

అన్నట్టు పాత సిలిండర్ ఇంకా తిరిగి ఇవ్వలేదు. సంక్రాంతికి పెరట్లో పెద్ద పొయ్యి మీద అరిసెలు వండాలంటే గోడకి అంటుకున్న పైపు అక్కడిదాకా రాదు. అత్తయ్యగారు దాని మీద పాత చీర కప్పి ఉంచారు. రాత్రి పడుకునేముందు ఆవిడే వంటింట్లోకి వెళ్ళి గ్యాసు పైపు కట్టేసే పసుపు పిడి అడ్డంగా తిప్పి వస్తారు. తిప్పావా అని నన్నడగరు, నన్ను తిప్పనివ్వరు.